రేకుల షెడ్డులో డెబ్బై రెండు గంటలు

ఎనభైలలో ఒక మే నెల. సైన్యం పని మీద కెప్టెన్, కంప్యూటర్ ఆపరేటర్, నేను ఉదయం 5.40కి వరంగల్ స్టేషన్‌లో దిగాం. ఏడింటికి హసన్‌పర్తి దాటి రేకుల షెడ్డు చేరాం. సామాను: పెట్టెలో కొత్త కంప్యూటర్ ఒకటి, దానికి విడి సర్క్యూట్ కార్డులు, జనరేటర్, మూడు ధర్మామీటర్లు. ఎడారి సరిహద్దుకు పంపేముందు ఆ యంత్రం ఈ ఎండలో డెబ్బై రెండు గంటలు ఆగకుండా నడవాలి. కూలర్ పెట్టకూడదు. తలుపులు తెరవకూడదు. ఆర్డర్ అది.

నెగ్గితే దాని వెంట మాలో ఒకరు వెళ్తారు. హవల్దారును కనుక ఆ చోటు నాదే అనుకున్నాను. కెప్టెన్ మాత్రం ప్రతిదానికీ ఆపరేటర్‌నే పిలిచేవాడు. అతను ర్యాంకులో నాకింది నాయక్, డోర్నకల్ రైల్వే గార్డు కొడుకు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. హోరు వినగానే, ఫ్యాన్ మందగించిందని చెప్పేవాడు. నేను గంటగంటకూ డిగ్రీలు రాసేవాణ్ణి. అతని చెవులంటే నాకు కడుపుమంట.

రెండో రోజు మధ్యాహ్నం 2.20. లోపల నలభై తొమ్మిది డిగ్రీలు. స్క్రీన్ మీద లెక్క తప్పింది. కెప్టెన్ అప్పటికే ఊళ్లోకి వెళ్లాడు. ఆపరేటర్ పెన్సిల్ వెనక రబ్బరుతో ఒక్కో కార్డునూ మెల్లగా తట్టాడు. నాలుగోది తాకగానే తప్పు మళ్లీ వచ్చింది.

"ఇదే అన్నా. వేడికి టంకం వదులైతాంది. జర రాసుకో."

లాగ్ పుస్తకంలో రాశాను: 2.50, నాలుగో కార్డులో లోపం దొరికింది, మార్చాం. ఎవరికి దొరికిందో రాయలేదు. ఇన్నేళ్లలో రాసిన లాగ్ పుస్తకాలలో తెలిసీ పేరు వదిలేసిన చోటు అదొక్కటే.

కెప్టెన్ తిరిగొచ్చి లాగ్ చదివి నేనే పట్టుకున్నానని నమ్మాడు. నా భుజం తట్టాడు. నేను కాదనలేదు. ఆపరేటర్ అప్పుడు జనరేటర్ దగ్గర ఉన్నాడు. గంటలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాం. ఐదో రోజు యంత్రం నెగ్గింది. వెళ్లేది నేనని కెప్టెన్ చెప్పాడు.

ఆపరేటర్ లాగ్ తిరగేసి నా దగ్గరికొచ్చాడు. "నా పేరు ఏడ వోయిందే?"

హడావుడిలో మరిచానన్నాను.

"గంటకోపారి డిగ్రీ రాసెటోనివి. నీకేం హడావుడే అన్నా."

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎడారిలో పద్నాలుగు నెలలు ఉన్నాను. యంత్రం ఒక్కసారీ ఆగలేదు. అందరూ నన్నే మెచ్చుకున్నారు. సర్వీసు ముగించి మా ఊరు మరిపెడ వచ్చాక ఆ ఎడారి నెమ్మదిగా మరపున పడింది. పోనిది ఒక్కటే. బయలుదేరే ఉదయం, లారీలో మోకాళ్ల మీద కూర్చుని, గతుకులకు కార్డులు కదలకుండా, ఆపరేటర్ తన సొంత కంబళి నాలుగు మడతలు వేసి పెట్టె కింద పరుస్తున్నాడు.