రెండు చేతులూ ఖాళీ లేని రాజు

ఎల్రాయ్ వాండెహే అమెరికాలోని షీబోయ్‌గన్‌లోనే పుట్టాడు, అక్కడే పెరిగాడు, అక్కడే జుట్టంతా పోగొట్టుకున్నాడు. అయినా ఊళ్ళో సగం మందికి అతని పేరు తెలియదు. హార్డ్‌వేర్ కొట్లో తాళంచెవులు కోసే ఆయన అంటే మాత్రం ఇట్టే గుర్తుపడతారు. ఆ ఉద్యోగం బావమరిది ఇప్పించాడు. ఇల్లు అత్తగారు వెతికి పెట్టింది. పెళ్ళి సంగతి కూడా భార్య బెర్నడీనే ఎత్తింది. "నేను అడక్కపోతే ఈయన ఇంకా నాతో చేపల గురించే మాట్లాడుతూ ఉండేవాడు" అని ఆవిడే అందరికీ చెబుతుంది. ఎల్రాయ్ కాదనడు.

అలాంటివాడు ఆదివారం మధ్యాహ్నం మాత్రం తన ఇంటి బేస్‌మెంట్‌లో రాజు.

మాది కథల ఆట. చర్చి నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, బల్ల చుట్టూ కూర్చుంటాం. కథ నడిపేది లోర్నా పెల్టియర్. ఆమె ఉద్యోగం పళ్ళ డాక్టరు దగ్గర జనం పళ్ళు శుభ్రం చేయడం. అందుకేనేమో, ఎవరు బుకాయించినా నోట్లోకి తొంగిచూస్తున్నట్టే చూస్తుంది. కొండలు, కోటలు, శత్రువులు అన్నీ ఆమెవి. మాకు తలో వేషం. నేను క్విల్ అనే జేబుదొంగని. ఎల్రాయ్ వెస్టార్ నగరాన్ని ఏలే హల్డ్రెన్ మహారాజు. మొదట్లో రాజు వేషం మాలో ఎవరికీ వద్దు, అన్నీ బాధ్యతలే. వద్దని ఎలా అనాలో తెలియక ఎల్రాయ్ ఒప్పుకున్నాడు. ఎవరేం చేస్తారో వాళ్ళే చెప్పాలి. కత్తి తగిలిందా తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి.

కొట్లో ఎవరైనా మేకు అడిగితే రెండు రకాలు తీసి, "మీకే తెలియాలి" అనే మనిషి, ఆ బల్ల దగ్గర తన సైన్యం సగం అవతలి ఒడ్డున ఉండగానే వంతెన కొట్టెయ్యమన్నాడు. మాట తప్పినందుకు సొంత తమ్ముణ్ణి నగరం నుంచి వెళ్ళగొట్టాడు. గొంతు పెంచడు. కానీ ఆ గొంతు వినబడితే పైన వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. బెర్నడీన్ మెట్ల దగ్గర నిలబడి వింటోందని మా అందరికీ తెలుసు, ఎల్రాయ్‌కి తప్ప.

ఇక లోర్నా పెట్టిన నియమం ఒకటుంది. బల్ల దగ్గర ఏ మాటన్నా అది వేషం అన్నట్టే. సొంత మాట చెప్పాలంటే నెత్తిమీద అరచెయ్యి పెట్టుకోవాలి. కాఫీ ఉందా అని అడగాలన్నా చెయ్యి నెత్తికెక్కాల్సిందే. ఒకసారి నేను మరిచిపోయి, "అబ్బా, నడుం పట్టేసింది" అన్నాను. ఆ శీతాకాలమంతా క్విల్ కుంటుకుంటూనే దొంగతనాలు చేశాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బెర్నడీన్ బ్రాట్‌వర్స్ట్‌లు అనే మాంసం సాసేజీలు కాల్చి కిందికి పంపింది. కథలోనూ చలికాలమే. శత్రువు బూడిద దొర సైన్యం వెస్టార్‌ని చుట్టుముట్టి నెలలైంది. నగరంలో తిండి అడుగంటింది. లోర్నా దూతలా గొంతు మార్చి ఇలా అంది:

"మీ రాజు ఒంటరిగా, ఆయుధం లేకుండా, మంచు కరిగేలోపు మా దొర గుడారానికి రావాలి. వస్తే నగరాన్ని వదిలేస్తాం."

ఎల్రాయ్ ఎడమచేతిలో బన్ను, అందులోంచి జారిపోతున్న బ్రాట్‌వర్స్ట్. కుడిచేతిలో మస్టర్డ్ అనే ఆవాల సాస్ సీసా.

"వస్తానని చెప్పవయ్యా మీ దొరతో," అన్నాడు హుషారుగా. "వచ్చేటప్పుడు వేడివేడిగా ఇదొకటి పట్టుకొస్తా. బూడిద తిని తిని పాపం నాలుక చచ్చిపోయుంటుంది."

అందరం పగలబడి నవ్వాం. లోర్నా నవ్వలేదు.

"దూత తల వంచాడు," అంది. "'రాజు మాట ఇచ్చాడు' అని గుర్రమెక్కాడు."

ఎల్రాయ్ మొహం పాలిపోయింది. చెయ్యి సీసాతో సహా నెత్తికెక్కింది. బట్టతల మీద పసుపుపచ్చని చుక్క పడింది.

"లోర్నా, అది నేనన్నానమ్మా! హల్డ్రెన్ కాదు!"

"ఆలస్యమైంది మహారాజా. గుర్రం వెళ్ళిపోయింది."

ఇందులో చిక్కేమిటంటే, వెస్టార్ గోడలు నిలబడింది రాళ్ళమీద కాదు, రాజు మాట మీద. కథలో అది మొదటి రోజు నుంచీ ఉన్న సంగతే. రాజు మాట తప్పితే గోడ కూలుతుంది. మాట నిలబెట్టుకుంటే రాజు చస్తాడు. ఆ సాయంత్రం ఎల్రాయ్ నెత్తి కూడా తుడుచుకోకుండా మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు.

తరువాతి ఆదివారం మంచు తుఫాను. ఆట లేదు. అదే కొంప ముంచింది. ఎల్రాయ్‌కి ఆలోచించడానికి ఇంకో వారం దొరికింది.

గారేజీ తాళంచెవి కోసం కొట్టుకెళ్ళాను. కోసిచ్చింది తాళంలో తిరగలేదు. వెనక్కి తెచ్చాను. ఇంకోటి కోశాడు, అదీ తిరగలేదు. మూడోసారి వెళ్ళేసరికి చేతిలో ఇత్తడి ముక్క పట్టుకుని కిటికీలోంచి మంచుకేసి చూస్తున్నాడు.

"క్విల్," అన్నాడు. రంగుడబ్బాలు కొంటున్న పెద్దావిడ మావైపు తిరిగింది. నా అసలు పేరు క్లెమ్.

"నేను ఒంటరిగా వెళ్ళాననే అనుకో. వాడు నగరాన్ని వదులుతాడని ఏమిట్రా నమ్మకం?"

"నమ్మకమేముంది? వాడు శత్రువు."

"అదే కదరా! నేనూ పోయి, నగరమూ పోతే?"

"పోలీసుల్ని పిలవమంటారా?" అంది పెద్దావిడ కంగారుగా.

ఆవిడకి సర్దిచెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఎల్రాయ్ మాత్రం సాయం రాలేదు. ఇంకా మంచుకేసే చూస్తున్నాడు, ఎప్పుడు కరుగుతుందా అని.

ఆ రోజే బెర్నడీన్ ఫోన్ చేసింది. "మా ఆయన్ని ఏం చేశారు మీరంతా? ట్యూనా చేపల క్యాసరోల్ ముట్టుకోలేదు. నిద్రలో తలుపు తియ్యకండి, తలుపు తియ్యకండి అని ఒకటే గొడవ."

"ఆటే కదా బెర్నడీన్."

"ఆటేనని నాకు తెలుసు, నాకెందుకు చెబుతావ్?" తరువాత చిన్న గొంతుతో అంది: "క్లెమ్, ఆ రాజు పోతే ఆ గొంతు కూడా పోతుందా? నేను పెళ్ళి చేసుకున్న ముప్ఫై ఏళ్ళకి విన్నానయ్యా ఆ గొంతు."

అందుకే ఆ వారం పళ్ళు శుభ్రం చేయించుకోవాల్సిన రోజున లోర్నాని పట్టుకున్నాను. పట్టుకోవడమంటే, కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోట్లో ఆవిడ కొక్కేలు పెట్టుకుని.

"ఎవ్వాయ్‌ని ఒగిలెయ్," అన్నాను.

"ఎల్రాయ్‌ని వదిలెయ్యాలా? నోరు పెద్దగా తెరువు. నేనేమన్నా రాతిబొమ్మనా క్లెమ్? 'తప్పయింది, ఆ మాట వెనక్కి తీసుకుంటా' అని ఒక్కసారి అడగమను. మీరంతా సరేనంటే నేనూ సరేనంటా. కానీ అడగాల్సింది ఆయన, నువ్వు కాదు. ఉమ్మెయ్."

ఉమ్మేశాను. "వెళ్తే ఆ దొర నగరాన్ని వదులుతాడా?"

ఆమె చేతిలో కొక్కెం ఆగింది. "వదలడనే అనుకున్నా ఇన్నాళ్ళూ," అంది. "ఇప్పుడు నాకూ నిద్ర పట్టడం లేదు."

ఆదివారం వచ్చింది. ఎల్రాయ్ చర్చికి వేసుకున్న తెల్లచొక్కా మార్చకుండానే దిగి వచ్చాడు. ఎవరూ చిప్స్ పొట్లం విప్పలేదు.

"మొదలెట్టే ముందు ఎవరికైనా ఏమైనా అడగాలనుందా?" అంది లోర్నా, అందరినీ అడుగుతున్నట్టు, ఒక్కరినే చూస్తూ.

ఆగలేక నా చెయ్యి నెత్తికెక్కింది. "అడగరా ఎల్రాయ్! మేమందరం సరేనంటాం. అంతా ఆ సీసా వల్లేగా వచ్చింది!"

ఎల్రాయ్ కూడా నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"రెండు వారాలుగా అదే అనుకుంటున్నాన్రా. మెట్లు దిగేదాకా అడుగుదామనే ఉంది. కానీ ఏమని అడగను? నేను వెళ్ళగొట్టిన తమ్ముడికీ ఏదో సాకు ఉండే ఉంటుంది. నేను విన్నానా?"

చెయ్యి దించాడు.

"క్విల్, ఇలా రా." అదే గొంతు. "కిరీటం నువ్వు పట్టుకో."

"దొంగకా ప్రభూ?" అన్నాను. నా మాటో క్విల్ మాటో నాకే తెలియదు.

"ఈ నగరంలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో నీకు తెలిసినంత ఎవడికి తెలుసు? పట్టుకో."

తరువాత హల్డ్రెన్ కత్తి విప్పాడు. బూట్లు విప్పి కాపలావాడికి ఇచ్చాడు, వాడివి చిరిగిపోయాయని. ద్వారం తియ్యమన్నాడు. మంచులో నడిచాడు.

"విలుకాళ్ళు గురిపెట్టారు," అంది లోర్నా. పాచికలు అతని వైపు జరిపింది. "తప్పించుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. వెయ్యి, ఎల్రాయ్." ఆట నడిపేటప్పుడు ఆమె మమ్మల్ని సొంత పేర్లతో పిలవగా నేనెన్నడూ వినలేదు.

అతను పాచికలను మెల్లగా ఆమె వైపే నెట్టేశాడు. "తప్పించుకోవడానికి వెళ్ళడం లేదు."

బల్లమీద హల్డ్రెన్ సీసపు బొమ్మ ఉంది. చేతులు తగిలి తగిలి దాని రంగంతా పోయింది. ఎల్రాయే దాన్ని తీసి చొక్కాజేబులో వేసుకున్నాడు.

పైన గిన్నెల చప్పుడు లేదు. మాలో ఒకడు దగ్గబోయి ఆపుకున్నాడు. రాజు చచ్చిపోయాడు, సరే. ఆ చావు దండగా, కాదా అన్నది లోర్నా నోట్లో ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"గుడారాల మేకులు పీకుతున్నారు," అంది చివరికి.

"అన్ని గుడారాలవీనా?" అన్నాడు ఎల్రాయ్.

"అన్నిటివీ."

ఎల్రాయ్ బల్లమీదికి వంగాడు. "అయితే ముందు ధాన్యపు కొట్లు తెరవాలి. దక్షిణం పేటలో పిల్లలు పస్తులున్నారు. అక్కణ్ణుంచి మొదలెట్టి..."

"ఎల్రాయ్," అంది లోర్నా, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు చచ్చిపోయావయ్యా."

"అవును కదూ." సిగ్గుపడ్డట్టు వెనక్కి వాలి నావైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆకలిమీదున్న దక్షిణం పేట మొత్తం నావైపు చూస్తున్నట్టుంది.

"కొట్లు తెరవండి," అన్నాను. నా గొంతు మధ్యలో కీచుమంది. ఎవరూ నవ్వలేదు.