పాము కనిపించలేదని రాసిన ఇల్లు

తొంభైల చివర్లో హోసూరులో మేము కొనదలచిన ఇంట్లో ఒక గది తలుపు సందుల్లో గోనెపట్టలు కుక్కి, పైన మట్టి మెత్తి ఉండేది. ఇంటాయన మామిడి వ్యాపారి. కృష్ణగిరి తోపుల కాయ తెచ్చి ఆ గదిలో వరిగడ్డి మీద మాగవేశాడు. పెళ్లివాళ్లకు ఒప్పుకున్న పండు. మధ్యలో తలుపు తీస్తే వేడి పోయి, కాయ అటూ ఇటూ కాకుండా చెడుతుందని ఆయన నియమం.

బ్యాంకుది ఇంకో నియమం. లోను ఇచ్చే ముందు వాళ్ల ఇంజనీరు స్వయంగా వచ్చి ప్రతి గదీ చూడాలి, చూడనిది చూడలేదని రాయాలి, కింద సంతకం పెట్టాలి. శుక్రవారం లోపల లోను మంజూరు కాకపోతే ఇంటిని బెంగళూరు పార్టీకి ఇచ్చేస్తానన్నాడు ఇంటాయన. ఆ వారం నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే బస్టాండు దాకా పోయి రావాలనిపించేది.

ఇంజనీరు వచ్చాడు. గోడలన్నీ తట్టి, మట్టి మెత్తిన తలుపు దగ్గర ఆగాడు.

"ఇదేంటికప్పా తెరవలేదు?"

మామిడికాయలంటే తెరవమంటాడు. అందుకని నాకు చేతనైనది చెప్పాను.

"నాగుపాము సార్. పడగ విప్పితే చాటంత. డెంకణికోట అడవిలోంచి వచ్చింది. ఆడ ఏనుగులే దానికి దారి ఇడిసేవంట."

ఇంజనీరు వెనక్కి జరిగి సంచి సర్దుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడే మేనేజరు పిలిపించాడు. ఒక గది చూడలేదు, లోపల పాము ఉందని కొనేవారు చెప్పారు అని నివేదికలో ఉంది.

"ఏమప్పా, లోను నీకా, పాముకా? ఒక గది చూడకున్నా ఈ రిపోర్టు చెల్లదు. రేపు ఆ గోడ కూలితే ఎవరు జవాబు చెప్పేది? తెరిపించుపో."

ఇంటాయన దగ్గరికి పరుగెత్తాను.

"సోమవారం దాకా తెరిచేది లేదు," అన్నాడు.

"మరి గడువు?"

"శుక్రవారమే."

ఈసారి మా ఆవిడ వెళ్లి ఆ తలుపు ముందే చతికిలబడింది.

"ఏమప్పా, గడువు పెట్టినోడివీ నువ్వే, తలుపు మూసినోడివీ నువ్వే. మేము యాడ దూరేది? నీ కాయలు మాగేదానికి టైమిస్తివే, మా లోనుకు ఇయ్యరాదా?"

ఆయన తలుపు సందుకు ముక్కు ఆనించి వాసన చూశాడు. తిరిగి ఆమెను చూశాడు.

"బెంగళూరోళ్లు నిన్న వచ్చి, ఇప్పుడే తెరువు అని ఒకటే గలాటా. నువ్వు నా కాయను చెడగొట్టమనలేదు కదమ్మా. ఆగుతాలే, పోండి."

సోమవారం తలుపు తీస్తే వీధంతా మామిడి వాసన. నాకు ఒకటే గుబులు, ఆ గోడకు ఎక్కడైనా పగులుంటే ఇల్లు పోయినట్టే. ఇంజనీరు గోడను చూడనే చూడడు. కర్రతో గడ్డి కెలుకుతూ ఉన్నాడు. చివరికెప్పుడో గోడ తట్టాడు. గట్టిగా పలికింది.

"పాము యాడప్పా?"

"పండ్ల వాసన పడక పోయింది సార్."

ఆయన నవ్వలేదు. మొదటి నివేదికలో ఎక్కినదానికి రెండో దాంట్లో జవాబు ఉండాలట. గోడలు గట్టివి, పాము కనిపించలేదు అని రాసి సంతకం పెట్టాడు. లోను వచ్చింది.

ఇంజనీరు సంతకంతో పాము లేదని రుజువున్న ఇల్లు హోసూరు మొత్తానికి మాదొక్కటే అని వచ్చినవాళ్లకల్లా చెబుతుంటాను. మా ఆవిడ మాత్రం కరెంటు పోతే ఆ గదిలోకి అడుగు పెట్టదు. కనిపించలేదని రాశాడు గానీ, లేదని రాయలేదు కదా అంటుంది.