ఒక పాట ఆలస్యంగా మోగిన సంగు

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కృష్ణవేణి అత్త చనిపోయింది" అన్నాడు.

"అదెట్లా? తళవాయిపురం పెళ్ళికి పాడేదానికి ఒప్పుకునింది కదా" అన్నాను.

"ఆ పెళ్ళివాళ్ళకు కూడా చెప్పాల" అన్నాడు తమ్ముడు.

అప్పుడు అర్థమైంది.

ఆమె మా నాయన చెల్లెలు. రాజపాళయంలో మన ఇళ్ళల్లో ఆమె పాడని పెళ్ళి తక్కువ. కానీ ఆ గొంతు మొదట రేడియోకు ఎట్లా ఎక్కిందో పిల్లలకు తెలీదు. అమ్మా, అత్తా చెప్పింది చెప్పినట్టు వరుసగా రాస్తున్నాను.

అరవైల్లో సంగతి. అత్తకు రేడియోలో పాడాలని ఆశ. నూలు మిల్లులో పెద్ద మేనేజరుగా ఉండిన మా తాత ఒకే మాట చెప్పినాడు.

"గొంతు గడప దాటవచ్చు. పిల్ల దాటగూడదు."

అంటే రేడియో స్టేషన్‌కు పోయేదానికి లేదు. ఇంట్లో పాడి టేపు పంపుకోవచ్చు. ఆమెకు ఉండిన దారి అదొక్కటే.

నాయన ఒక స్పూల్ టేప్ రికార్డర్ తెచ్చినాడు. మన వాళ్ళు మంచి పని నలుగురిని పిలవకుండా చేస్తారా? హాల్లో ముగ్గు వేసి, చుట్టాలకంతా కాఫీ ఇచ్చి, నడుమ మైకు పెట్టినారు. చరణం ముగిసేలోపే పెద్దవాళ్ళు "బాగుండాదే తల్లీ!" అన్నారు. టంబ్లర్లు గణగణమన్నాయి. కుక్క మొరిగింది. ఉయ్యాల్లో పసిబిడ్డ ఏడ్చింది.

ఆ బిడ్డ నేనే.

టేపు తిరిగొచ్చింది. గొంతు బాగుంది, రికార్డింగ్ పనికిరాదు, సందడి ఉంది, హాలు మోగుతూ ఉంది అని స్టేషన్ వాళ్ళు రాసినారు.

తాత నవ్వినాడు. "గొంతు కూడా ఇంటికే వచ్చేసిందే!"

అత్త ఏడవలేదు. 'హాలు మోగుతూ ఉంది' అనే మాటను పట్టుకునింది. ప్రతి రూములోనూ నిలబడి చప్పట్లు కొట్టి చెవి పెట్టి వినేదంట. పిల్లకు ఏమో అయిందని అవ్వ దిష్టి కూడా తీసింది.

ఒకనాడు నాయనను అన్నానికి పిలిచేదానికి ఇంటి వెనకాలే ఉండే మిల్లు పత్తి గోడౌన్‌కు పోయింది. నాలుగు పక్కలా తలకు మించి పేర్చిన పత్తి బేళ్ళు.

"అన్నా!" అని అరిచింది.

ఆ అరుపు గోడకు తగిలి తిరిగి రాలేదు. పత్తి మింగేసింది.

"అన్నా, అన్నం తర్వాత. ముందు టేపు మిషన్ తే!"

మెషిన్ల సద్దు లేకుండా మిల్లు లీవు రోజు చూసుకునింది. బేళ్ళ నడుమ దుప్పటి పరిచింది. నోటి గాలి కొట్టకుండా మైకు ముందర మన ఊర్లో నేసే పలచని బ్యాండేజీ గుడ్డ కట్టింది. ఎవరినీ పిలవలేదు.

"పిలవకుండా పాడితే ఎట్లా కలిసొస్తుంది?" అని అవ్వ అలిగింది.

కలిసొచ్చింది! స్టేషన్ వాళ్ళు టేపు తీసుకున్నారు.

కానీ పాట వచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకు. సరిగ్గా షిఫ్టు మారే టైము. అప్పుడు మిల్లు సంగు, అదే సైరను, ఊదితే మా వీధిలో కిటికీలు అదురుతాయి. పక్కన మనిషి అరిచినా వినపడదు.

"ఇంత చేసి, మన ఊర్లోనే వినపడదు" అని అత్త మూల కూర్చునింది. తాత విన్నాడు, లేచి మిల్లుకు పోయినాడు.

ఆ రోజు వీధి అంతా మా ఇంట్లోనే. రేడియోలో అత్త పేరు చెప్పినారు. సంగుకు జడుసుకుంటానని అమ్మ నా చెవులు మూసింది.

పాట మొదలైంది. సంగు రాలేదు.

రెండో చరణం. రాలేదు.

కడపటి మాట దాకా, ఆ గొంతు ఎక్కడా అరగకుండా, పక్కన కూర్చుని పాడినట్టు వినిపించింది.

అప్పుడు మోగింది సంగు!

అందరూ తాత వైపు చూసినారు. ఆయన భుజం మీది తుండు సర్దుకుని, "మిల్లు గడియారం కొంచెం స్లో" అన్నాడు.

స్టేషన్ వాళ్ళు నేరుగా వచ్చి పాడమని పిలిచినప్పుడు, బస్సులో అత్త పక్కన కూర్చునింది ఆయనే.

ఈరోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఆ పాట టేపు పెడుతున్నాము. ఆమె నేర్పించినట్టే రూము చుట్టూ పరుపులు నిలబెట్టినాము. రావాలనుకునేవాళ్ళు రండి. కాఫీ పాట అయినాకే.

పోయిరా అత్తా. నువ్వు ముగించేదాకా ఏ సంగూ మోగదు. నింపాదిగా పాడి, నెమ్మదిగా నిద్రపో.