ఖాదర్ గారి ఎన్‌లార్జర్

దయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. ధైర్యవంతుణ్ణని కాదు. నా చేతులతో నేనే బోలెడు దయ్యాల్ని తయారుచేశాను కాబట్టి.

ఒకే ఫిల్ము మీద రెండుసార్లు ఫొటో తీస్తే గోడలోంచి మనిషి బయటికొస్తున్నట్టు పడుతుంది. కెమెరా మూత సందులోంచి కాస్త వెలుతురు దూరితే పెళ్ళికూతురు పక్కన తెల్లటి పొగ నిలబడుతుంది. బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించుకోనివాళ్ళు పోతే, పాడె కట్టేముందు నన్ను పిలిపించేవాళ్ళు. మూసుకున్న కళ్ళతోనే తీసి, ప్రింటు మీద సన్నటి బ్రష్షుతో కళ్ళు తెరిపించి పటం కట్టి ఇచ్చేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు ఆ కళ్ళు చూసి అచ్చం మా నాన్నే అని ఏడ్చేవాళ్ళు. ఇన్ని చేసినవాడు ఇక దేనికి భయపడతాడు చెప్పండి?

మాది బందరు. స్టూడియో అని బోర్డు ఇంకా ఉంది గానీ లోపల జరిగేది జిరాక్సులూ, పాస్‌పోర్టు ఫొటోలూ. దాంతోపాటు ఇంకో పని పెట్టుకున్నాను. మూతపడ్డ స్టూడియోల్లో పాత కెమెరాలు, లెన్సులు, ఫొటోలు కడిగే డార్క్‌రూమ్ సామాను కొనడం, లేకపోతే మార్చుకోవడం. హైదరాబాదు, బెంగుళూరు కుర్రాళ్ళకి ఇప్పుడు ఫిల్ము పిచ్చి పట్టింది. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నన్ను బందరు బాబాయ్ అంటారు. అవనిగడ్డలో ఒక లెన్సు, చల్లపల్లిలో రెండు ట్రేలు, ఇలా బస్సుల్లో తిరిగి ఏరుకొస్తాను. సగం లెన్సులకి ఉప్పుగాలికి బూజు పట్టి ఉంటుంది. అరవై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు సహకరించవు, షుగరు. అయినా తిరుగుతాను. వేరే పని చేతకాదు.

పోయినేడాది గుడివాడ నుంచి షమీమ్ అనే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న ఖాదర్ గారు నాకు తెలుసు. గుడివాడలో పేరున్న ఫొటోగ్రాఫరు. ప్రింటు వేయడంలో జిల్లాలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన పోయి అప్పటికి ఆర్నెల్లు. సామాను ఉంది, వచ్చి చూడమంది.

వెళ్ళాను. షమీమ్‌కి నలభై మూడేళ్ళుంటాయి, ఇంగ్లీషు టీచరు. డార్క్‌రూమ్ తలుపు తీసి చూపించింది. మూలన ఎన్‌లార్జర్ ఉంది. అంటే నెగటివ్‌ని పెద్దది చేసి కింద కాగితం మీద బొమ్మ పడేసే యంత్రం. విదేశీ సరుకు, గుడ్డ కప్పి ఉంచారు, చిన్న గీత కూడా లేదు. అలాంటి దానికోసం బెంగుళూరులో ఒక కుర్రాడు రెండేళ్ళ నుంచీ నన్ను పీడిస్తున్నాడు.

ధర అడిగితే షమీమ్ డబ్బు వద్దంది.

"మా అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదండీ అన్నయ్యగారూ. నా మూడో ఏట పోయింది. మొహం గుర్తులేదు. ఊరందరికీ ఫొటోలు తీసిన మనిషి, ఇంట్లో అమ్మకి తీయలేదంటే నమ్ముతారా? ఆవిడే తీయనివ్వలేదని చెప్పేవారు నాన్నగారు. ఇక్కడ వేలకొద్దీ నెగటివులున్నాయి. నాకు వాటిని చూడ్డం రాదు. అన్నీ చూసి అమ్మ ఎక్కడన్నా ఉందేమో వెతికి పెట్టండి. దానికి బదులు ఈ సామానంతా మీదే."

ఆవిడ మొహం మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఎలా గుర్తుపట్టేదమ్మా అన్నాను. అనుమానం వచ్చినవన్నీ తీసిపెట్టండి, పెడనలో మా పెద్దమ్మ ఉంది, ఆవిడకి చూపిద్దాం అంది. ఒప్పుకుని, నెగటివులూ ఎన్‌లార్జరూ బందరు తెచ్చుకున్నాను.

నిజం చెప్పాలి కదా, ఆ పని నేను మనసుపెట్టి చేయలేదు. రెండు రేకు పెట్టెల నిండా నెగటివులు. సగం చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగతావి ఒక్కొక్కటే వెలుతురు బల్ల మీద పెట్టి, సెల్‌ఫోనుతో ఫొటో తీసి, రంగు తిరగేసి చూసేవాణ్ణి. పెళ్ళిళ్ళు, రైసు మిల్లుల ప్రారంభాలు, రిటైరైన హెడ్మాస్టర్లు. రోజుకో వంద చూసేసరికి కళ్ళు మండేవి. రెండు వారాలయ్యాక లేదని చెప్పేద్దామనే నిర్ణయానికి వచ్చేశాను. ఆవిడకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

బెంగుళూరు కుర్రాడికి పంపేముందు ఎన్‌లార్జర్‌ని పరీక్షించాలి. ప్రింటు వేసి చూడకుండా ఏ సామానూ బయటికి పంపను, అది నా పద్ధతి. మధ్యాహ్నం షాపుకి ఎవరూ రారు. షట్టరు సగం దించి, వెనక బాత్‌రూములో కట్టుకున్న నా డార్క్‌రూములోకి వెళ్ళాను. చేతికందిన నెగటివ్ పెట్టాను. కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లల గ్రూపు ఫొటో. ముందు వరస కుర్చీల్లో, వెనక రెండు వరసలు నిలబడి, మొత్తం ఇరవైమంది దాకా ఉంటారు.

ప్రింటు బయటికి తెచ్చి చూస్తే అంతా బాగుంది. చివరి వరసలో ఎడమ నుంచి నాలుగో అమ్మాయి ముఖం మాత్రం వెలిసిపోయినట్టు తెల్లగా వచ్చింది.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. కాగితం మీద వెలుతురు తక్కువ పడితే బొమ్మ తెల్లగా వస్తుంది, ఎక్కువ పడితే నల్లగా వస్తుంది. ముఖం కాస్త తెల్లగా రావాలండీ అని అడగనివాళ్ళు మా వైపు లేరు. అందుకని చీపురుపుల్ల చివర రూపాయి బిళ్ళంత అట్టముక్క అంటించి, ముఖం మీద పడే వెలుతురుకి అడ్డంగా ఆడిస్తాం. ఆ పుల్ల ఆడించడంలో ఖాదర్ గారిది గొప్ప చెయ్యి. అడ్డం పెట్టినట్టు ఆనవాలు కూడా తెలిసేది కాదు.

ఈ ప్రింటు సరిగ్గా అలాగే ఉంది. కానీ నేను పుల్ల పట్టుకోలేదు.

ప్రింటు మా ఆవిడకి చూపించి, ఏమన్నా తేడా ఉందా అని మాత్రం అడిగాను. "వెనకాల ఆ పిల్లకొక్కదానికే అంత పౌడరేంటి?" అంది.

లెన్సులో బూజనుకుని తుడిచాను. తేడా లేదు. లెన్సు మార్చాను. అదే. నెగటివ్ తిరగేసి పెట్టాను, అమ్మాయి కుడివైపుకి వచ్చింది, తెలుపు కూడా ఆమెతోపాటే కుడివైపుకి వచ్చింది. యంత్రంలో లోపమైతే మచ్చ ఒకచోటే ఉండాలి, మనిషి వెంట తిరగకూడదు. నెగటివ్‌లోనే ఏదో ఉందని దాన్ని నా పాత ఎన్‌లార్జర్‌లో పెట్టి వేశాను. ముఖం మామూలుగా, పక్కవాళ్ళ నీడలో నల్లగా, కాస్త పక్కమ్మాయి భుజం చాటుగా వచ్చింది. మళ్ళీ ఖాదర్ గారి దానిలో పెడితే తెలుపు. అలా మొత్తం పదకొండు ప్రింట్లు వేశాను. వెనక నంబర్లు వేసి దాచాను, కావలసినవాళ్ళు వచ్చి చూడొచ్చు.

షమీమ్‌కి ఫోన్ చేశాను. ప్రింట్ల సంగతి చెప్పలేదు, ఒక గ్రూపు ఫొటో దొరికిందని మాత్రం అన్నాను. ఇద్దరం పెడన వెళ్ళాం. పెద్దమ్మ జీవితమంతా కలంకారీ అద్దకం పనిలో గడిపిన మనిషి. డెబ్బై దాటినా చూపు బాగానే ఉంది. నేను కావాలనే ప్రింటు చూపించలేదు. ఫోనులో ఉన్న బొమ్మ ఇచ్చాను. అందులో ఆ ముఖం నల్లగా, పక్కవాళ్ళ కంటే మరుగున ఉంటుంది. ఎవరి మీదా వేలు పెట్టలేదు.

ఆవిడ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వెళ్ళి చివరి వరసలో ఆగింది. నాలుగో అమ్మాయి మీద గోరు ఆనించింది.

"ఇదే. మా జుబేదా. పెళ్ళికి ముందు కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళేదిలే. ఫొటో తీసేటప్పుడు కావాలనే వెనక్కిపోయి నక్కిందంట. ఖాదర్ ముందుకి రమ్మని రెండుసార్లు పిలిచాడంట. పోలేదు. వాడు అప్పుడే చూశాడు దీన్ని. తర్వాత ఇంటికొచ్చి పిల్లనిమ్మని అడిగాడు. ఈ ఫొటో వెయ్యనేలేదని చెప్పాడే మాతో!"

షమీమ్ ఫోను తీసుకుని బొమ్మని వేళ్ళతో పెద్దది చేసింది. చుక్కలు చుక్కలుగా అలుక్కుపోయింది. దీన్ని పెద్దగా వేసివ్వగలరా అని అడిగింది. తప్పకుండా అన్నాను. నెగటివ్ బాగుంది, ఖాదర్ గారు తీసింది, ఎంతైనా పెద్దది చేయొచ్చు.

తిరుగు బస్సులో నాకు చాలా సంతోషంగా ఉంది. ఆయన పోయి కూడా భార్యని చూపించాలనుకున్నాడేమో, అందుకే ముఖం తెల్లగా చేసి నాకు గుర్తు చెప్పాడేమో అని ఏవేవో ఊహించుకున్నాను. నమ్మనని చెప్పుకునేవాణ్ణి నేనే.

మర్నాడు మధ్యాహ్నం ఎన్‌లార్జర్ తల బాగా పైకి లేపి, కాగితమంతా ఆ ముఖం నిండేలా పెట్టాను. కాగితం మీద బొమ్మ స్పష్టంగా పడింది, నా కళ్ళతో చూశాను. ఎక్కడా ఏ నీడా అడ్డం లేదు. వెలుతురిచ్చి, కాగితం మీద బొమ్మ తేల్చే డెవలపర్‌లో వేశాను. ఎడమవైపు పక్కమ్మాయి భుజం వచ్చింది. కుడివైపు ఇంకో అమ్మాయి జడ వచ్చింది, వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మధ్యలో తెల్లగా ఖాళీ.

రెండింతలు వెలుతురిచ్చాను. భుజం నల్లబడింది, జడ నల్లబడింది, మధ్యలో ఖాళీ. నాలుగింతలిచ్చాను. అంతే. నా పాత ఎన్‌లార్జర్ అంత పెద్దది వేయలేదు, దాని స్తంభం పొట్టి. ఇంకో చోటికి తీసుకెళ్దామంటే ఇప్పుడు బందరులో డార్క్‌రూమ్ ఎవరికుంది?

ఆ రోజు నేను స్టూలు మీద కూలబడిపోయాను. భయం కాదు, నీరసం. ఖాదర్ గారు అడ్డం పెట్టేది ముఖాన్ని వెలిగించడానికే అనుకున్నాను. దాచడానికి కూడా అడ్డమే పెడతారు కదా.

షమీమ్‌కి అంతా చెప్పేశాను. పిచ్చివాడినంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఆదివారం వస్తానంది.

వచ్చింది. ఎర్రలైటు వేసి, ఆవిడ ఎదురుగానే ఒక ప్రింటు వేశాను. భుజం, జడ, మధ్యలో ఖాళీ. ట్రేలో దాన్ని అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఎన్‌లార్జర్ వైపు తిరిగి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు ఉర్దూలో కోప్పడింది. బందరులో పుట్టినవాణ్ణి, ఆ మాత్రం ఉర్దూ నాకు తెలుసు.

"నువ్వు చూసుకున్నావుగా నాన్నా ఇన్నాళ్ళూ. ఇంక నన్ను చూడనీ."

గొంతులో ఏడుపు లేదు. చాలాకాలం అడిగి అడిగి విసిగిపోయిన గొంతు.

ఇంకో కాగితం పెట్టాను. ఏదీ మార్చలేదు. అంతే ఎత్తు, అంతే వెలుతురు. ప్రమాణం చేసి చెప్తాను. ట్రేలో వేసి అటూ ఇటూ కదిపాను. ముందు భుజం వచ్చింది, జడ వచ్చింది. తర్వాత మధ్యలో కనుబొమలు వచ్చాయి. ముక్కుపుడక వచ్చింది. కెమెరా వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తూ, నవ్వు ఆపుకుంటున్న ముఖం వచ్చింది.

షమీమ్ రెండు చేతులూ ట్రే అంచు మీద పెట్టి వంగింది.

"అన్నయ్యగారూ, ఇంత చిన్నపిల్లా మా అమ్మ? మా అమ్మాయికంటే చిన్నది." ఆ తర్వాత ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఆగలేదు.

ఆ ప్రింటు ఆవిడకిచ్చేశాను. తర్వాత గ్రూపు ఫొటో మళ్ళీ వేసి చూశాను, నాలుగో ముఖం మామూలుగా నీడలోనే వచ్చింది. ఎన్‌లార్జర్‌ని విప్పి, ప్రతి అద్దమూ కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఏమీ లేదు. బెంగుళూరు కుర్రాడికి పంపాను, బదులుగా అతను మంచి లెన్సు పంపాడు. అద్భుతంగా పనిచేస్తోందని మెసేజీలు పెడుతుంటాడు.

కాగితం పాతదేమో, డెవలపర్ పోయిందేమో, నేనే అలసిపోయి ఏదో పొరపాటు చేశానేమో అని చాలాసార్లు లెక్కలు వేసుకున్నాను. ఏదీ కుదరలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో మేమిద్దరమే ఉన్నామా అని ఎవరన్నా అడిగితే, అవునని గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాదు.