చంద్రుడి మీదైనా ఇంతే బెల్లం

మా సైన్సు టీచరమ్మ పోయిన గురువారం కన్నుమూసింది. హనుమకొండలో మా ఇంటి వెనక సందే ఆమెది. కబురు వినగానే పూజ మధ్యలోనే లేచి వెళ్లాను. ఏడవడానికి వెళ్లినదాన్ని రోతతో తిరిగొచ్చాను.

పాడె ఎత్తేటప్పుడు, మా వాడలో బట్టల దుకాణం నడిపే ఒకాయన, ఆమె దగ్గర చదువుకున్నవాడే, "నడుములు పైలం రా భయ్, ట్రాక్టర్నన్నా తెస్తే అయిపోతుండె" అన్నాడు. పక్కవాళ్లు తువ్వాలలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దుఃఖంతో కాదు. చేతిలో పూలతో నిలబడి ఆయన వైపే చూశాను. శవమైనాక కూడా ఆమె ఒంటిని వదలరా?

ఆమెది భారీ మనిషి. ఆ ఒంటినే పాఠం చేసుకునేది. చంద్రుడి మీద తాను ఆరో వంతే తూగుతానని, గురుగ్రహం మీద రెండున్నర రెట్లని, సూర్యుడి మీదైతే ఇరవై ఎనిమిది రెట్లని చెప్పి మమ్మల్ని నవ్వించేది. "నేల ఎంత గుంజితే అంత బరువు. మారేది నేల, మనిషి కాదు" అనేది.

నాకు ఏలినాటి శని అని పంతులుగారు చెప్పినప్పుడు నువ్వుల దీపాలు పెట్టేదాన్ని. టీచరమ్మ వద్దనలేదు.

"పెట్టుకో బిడ్డా. కని అంత పెద్ద శని మీద గూడ నీ బరువు ఇంచుమించు ఇక్కడున్నంతే. ఒళ్లు పెద్దది, గుంజుడు తక్కువ. నా లెక్కనే."

నా కూతురు జ్వరంతో దవాఖానలో కళ్లు తెరవని రోజుల్లో ఆమె సమ్మక్క తల్లికి మొక్కింది. ఎవరైనా పిల్ల ఎత్తు, అంటే పిల్లతో సరితూగే బెల్లం మొక్కుతారు. ఆమె తన ఎత్తు మొక్కింది. ఎందుకు టీచర్ అంటే, "ఈ ఒళ్లు ఇంక దేనికి అక్కరకొస్తది? తల్లికి నాలుగు ముద్దలు ఎక్కువ పోతయి" అంది.

పిల్ల లేచి తిరిగాక బెల్లం దుకాణానికి వెళ్లాం. ఆమె పెద్ద తరాజులో కూర్చోగానే జనం మూగారు. ఈ బట్టల దుకాణం ఆయన అప్పుడూ ఉన్నాడు. "చంద్రుని మీదికి పోయి తూగుండ్రి టీచర్, బెల్లం తక్కువ పడ్తది" అన్నాడు.

"అక్కడ బెల్లం గూడ తేలికైతది గదరా. చంద్రుని మీదైనా సూర్యుని మీదైనా, ఈ తరాజుల నాకు ఇంతే బెల్లం."

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పాడె కింద విన్నది ఆ నవ్వే. అది తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. నోట్లో ఆ చేదు చేరినప్పుడల్లా కళ్లు మూసుకుంటాను.

అవతలి పళ్లెంలో బెల్లం దిమ్మలు ఒక్కొక్కటే పడుతుంటాయి. ఇవతల టీచరమ్మ చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. ఆమె పళ్లెం మెల్లగా నేలను విడిచి, కొంచెం ఊగి, గాలిలో నిలుస్తుంది.