మనస్సాక్షి భాయ్

శాలిబండలో కొందరు ఇప్పటికీ నన్ను 'మనస్సాక్షి భాయ్' అంటారు. పొగడ్త అనుకునేరు. ఆ పేరు పెట్టిన నా మిత్రుడు ఒకప్పుడు మా ఎమ్మెల్యే. పెట్టేనాటికి మాజీ, పైగా జైలుకు వెళ్లి వచ్చినవాడు.

కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి శాలిబండలో అద్దెకు దిగిన కొత్తలో ఆయన పరిచయమయ్యాడు. ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడు. బాబాల మీద, తాయెత్తుల మీద మా నాస్తిక సంఘం సభ పెడితే కుర్చీలు తనే మోసేవాడు. మైకు అక్కర్లేని గొంతు. డెబ్బైలలో ఎన్నికల్లో గెలిచాడు. అసెంబ్లీలో ముందున్నవాళ్లంతా 'దైవసాక్షిగా' ప్రమాణం చేస్తే, తను 'మనస్సాక్షిగా' అన్నాడు. ఆ మాట పట్టుబట్టి చెప్పించింది నేనే. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో అందరికీ చాయ్ పోయించి, దేశంలో మూఢత్వం సగం వదిలిందన్నంత సంబరపడ్డాను.

తర్వాత ఆయన సభలకు ఆలస్యంగా రావడం, మధ్యలో లేచి వెళ్లిపోవడం మొదలైంది. కార్మికుల ఇళ్లకని సర్కారు ఇచ్చిన జాగా దొంగపేర్ల మీద ఆయన బంధువులకూ, ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒకడికీ చేరిందని కేసు పడింది. ఒకనాటి సాయంత్రం వ్యాపారి గోదాములో కూర్చుని ఆయనే సంతకాలు చేశాడని పోలీసులు. ఆ సాయంత్రమంతా మా సభలోనే ఉన్నానని ఆయన. ఆ సభకు అధ్యక్షుణ్ణి నేను. కోర్టు నుంచి నాకు సమన్లు వచ్చాయి.

ఆ సభను నేను మరిచేది కాదు. 'నిజాయితీకి దేవుడు అవసరమా' అన్నది ఆనాటి చర్చ. అవసరం లేదని ఆయన ఉరుముతుండగా ఎవరో వచ్చి పిలిచారు. వేదిక దిగి వెళ్లిపోయాడు. ఆయన వదిలేసిన ఉపన్యాసం నేను పూర్తిచేశాను.

విచారణకు ముందు ఆదివారం మా ఇంటికొచ్చాడు.

"అన్నా, ఆఖరిదాక నేను ఆడనే ఉన్ననని చెప్పు. గంతే."

"నువ్వు లేవు గదా."

"ఉన్నట్టు చెప్పు. బోనెక్కినంక దేవుని మీద ఒట్టు పెట్టిస్తరు. నీకు దేవుడే లేకపాయె. లేనోని మీద ఒట్టేసి అబద్ధమాడితే నీకేం పోతది?"

నవ్వొచ్చింది. ఇంత పదునైన వాదం మా సభల్లో ఏ పండితుడూ చెయ్యలేదు.

"దేవుడున్నవాడైతే అబద్ధమాడి, గుండు కొట్టించుకుని బయటపడతాడు. నాకా వీలు లేదు," అన్నాను.

"మస్తు చెప్పినవ్. నేను లోపలికి వోయినంక గిదే ఉపన్యాసం నా పెండ్లాం పిల్లలకు గూడ ఇయ్యి."

మా ఆవిడ తెచ్చిన టీ ముట్టుకోకుండానే లేచాడు.

బోనులో దేవుడి పేరు ఎత్తబోయిన కోర్టు గుమాస్తాను ఆపి, మనస్సాక్షిగా అన్నాను. జడ్జి విసుగ్గా సరేనన్నాడు. "సభ మధ్యలో వెళ్లారు. మళ్లీ రాలేదు," అని చెప్పాను. నా మిత్రుడు తల దించుకోలేదు. నేను వేదిక మీద బాగా మాట్లాడినప్పుడు ఊపేవాడే, అలాగే తల ఊపాడు.

శిక్ష పడింది. "భక్తి ఉన్నోడైతే దోస్తును కాపాడుకునెటోడు. దేవుడే లేనోనికి దయ యాడికెల్లి వస్తది?" అని బస్తీలో లొల్లి. అలా అన్నవాళ్లలో ఆ జాగా పోగొట్టుకున్న కార్మికులూ ఉన్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేకపోయింది. వాళ్ల ఇళ్లు మాత్రం లేవలేదు. జాగా ఇంకా కోర్టుల్లోనే ఉంది.

విడుదలయ్యాక అదే ఇరానీ హోటల్లో కనబడ్డాడు. 'ఎమ్మెల్యే సాబ్' అంటూ చుట్టూ జనం. నన్ను చూడగానే కేకేశాడు:

"అరే, మనస్సాక్షి భాయ్ వచ్చిండు! చాయ్ తేండ్రి, నిజం గట్టిగ కలిపి!"

అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చుని ఆయన మణికట్టు చూశాను, మెడ చూశాను. తాడు లేదు, తాయెత్తు లేదు. నాలాగే ఆయనకూ ఏ దేవుడూ లేడు. ఒక్క తాయెత్తు కనబడితే బాగుండునని నా జన్మలో అదొక్కసారే అనుకున్నాను. నమ్మకమే మనిషిని చెడగొట్టిందని ఒక వ్యాసం రాసుకుని, హాయిగా పడుకునేవాణ్ణి.