ఎల్లస్వామి కన్నీళ్లు, ఎనుమాముల ఘాటు

ఎల్లస్వామి అల్లరి మాన్పించడం మిలిటరీ వల్ల కూడా కాలేదు. సైన్యం నుంచి తిరిగొచ్చి ఎనుమాముల మార్కెట్లో కాపలా పనికి కుదిరాక, కొత్తవాళ్లను మిర్చి రాశుల పక్కన కూర్చోబెట్టి మాటల్లోకి దింపడం మొదలుపెట్టాడు. వాళ్లు తుమ్ముతూ దగ్గుతూ లేచి పరుగెత్తితే ఆ రోజు ఆయనకు పండగే.

అలాంటివాడి దగ్గరికి శ్రావణి అనే అమ్మాయి హైదరాబాద్ నుంచి కెమెరాతో వచ్చింది. మాజీ రక్షణ మంత్రి రాజేశ్వర్ రావు మీద డాక్యుమెంటరీ తీస్తోంది. 'యుద్ధం దేశానికి కసరత్తు' అన్న పెద్దమనిషి ఆయన. ఆ మాటకు సగం మంది చప్పట్లు కొడతారు, సగం మంది తిడతారు. తిట్టేవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు?

శ్రావణినీ ఆ రాశుల పక్కనే కూర్చోబెట్టాడు. ఆ పిల్ల గడుసుది, మాస్కు పెట్టుకునే వచ్చింది. "మంత్రిగారు నడిపిన యుద్ధం మీకేం నేర్పింది?" అని అడిగేసరికి గాలి తిరిగింది. ఘాటంతా ఈయన మొహానికే కొట్టింది. కళ్లు ధారలు కట్టాయి. జవాబు వదిలేసి నల్లా దగ్గరికి పరుగెత్తాడు.

సినిమా పూర్తయ్యాక సుబేదారి బస్తీలో ఒక హాల్లో వేశారు. ఎల్లస్వామి నెక్కొండ నుంచి కుమారస్వామిని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకే పటాలం, పైగా ప్రాణస్నేహం. కుమారస్వామి కాలు పోయింది ఆ యుద్ధంలోనే. తెర మీద ఎల్లస్వామి ఏడుస్తుంటే కింద అక్షరాలు పడ్డాయి: 'నాయకుడి పేరు వినగానే కంటతడి పెట్టిన మాజీ సైనికుడు.'

కుమారస్వామి కర్ర అందుకుని లేచాడు. "వాని కోసం ఏడ్చినవారా నువ్వు?"

"మిరపకాయల ఘాటురా. నీ మీదొట్టు."

"ఇగ నా ఇంటికి రాకు."

తన అల్లరి మీద తనకే ఒళ్లు మండింది ఎల్లస్వామికి. తెల్లారి శ్రావణిని వెంటబెట్టుకుని నెక్కొండ పోయాడు. కుమారస్వామి తలుపు తీయలేదు. ఈయన వాకిట్లోనే చతికిలబడ్డాడు.

"బిడ్డా, గా సవాల్ మళ్ల అడుగు."

అదే ప్రశ్న అడిగింది.

"మంత్రి చెప్పిన కసరత్తుకు మేమిద్దరం పోయినం బిడ్డా. పోయేటప్పుడు మా కుమారస్వామి నా కంటె ముంగట ఉరికిండు. వచ్చేటప్పుడు నేను ఎత్తుకొచ్చిన."

ఈసారీ కళ్లు ధారలు కట్టాయి. తలుపు తెరుచుకుంది. కుమారస్వామి గడప మీద కర్ర ఆన్చి ఎల్లస్వామి తడి మొహం చూశాడు.

"ఈడ మిరపకాయలు లేవు గదరా" అన్నాడు.